తెర ముందు ఆవిడ

పేట కూరగాయల మార్కెట్లో బెండకాయల కొసలు విరిచి చూసుకుంటుంటే ఫోను మోగింది. మా నాటక సమాజంలో హార్మోనియం వాయించిన పెద్దాయన. ఫోనులో కూడా శ్రుతి చూసుకుంటున్నట్టు రెండుసార్లు గొంతు సవరించుకుంటే గానీ మాట మొదలుపెట్టడు. ఆ రోజు సవరించుకోలేదు. "మాస్టారూ, మన రాణిగారు పోయారండి, పొద్దున్నే," అన్నాడు. బెండకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను. కూరలమ్మే ఆవిడ వెనకనుంచి కేకలేస్తున్నా వినిపించుకోలేదు.

వేసినవి ఎక్కువగా రాణి వేషాలే కాబట్టి మా అందరికీ ఆవిడ రాణిగారు. అసలు పేరు రాయను. రాస్తే, ఎక్కడున్నా, "ఎంత లావు అక్షరాలతో వేశారు మాస్టారూ?" అని అడుగుతుంది. ఆ పట్టింపు ఆవిడకి బాగా ఉండేది. పోస్టరు మీద రాజు పేరు కంటే తన పేరు సన్నగా కనపడితే ఆ ఊళ్ళో టీ కూడా ముట్టేది కాదు. సమాధి దగ్గరికి వెళ్ళి వచ్చాను. దాని గురించి కూడా రాయను. అక్కడ మైకు గీపెట్టింది. ఆవిడే ఉంటే మైకువాణ్ణి నాలుగు దులిపి, గొంతెత్తి తనే పని కానిచ్చేది.

మాది జగ్గయ్యపేటలో ఉద్యోగస్తులు సరదాకి పెట్టుకున్న సమాజం. సిమెంటు ఫ్యాక్టరీ గుమాస్తాలు ఇద్దరు, ఒక బస్సు కండక్టరు, ఎరువుల కొట్టాయన, ఇంకా నేను. మాది కిరాణా వ్యాపారం చేసిన ఇల్లు. నాకు మాత్రం హైస్కూల్లో తెలుగు చెప్పే ఉద్యోగం దొరికింది. స్టేజీ ఎక్కితే కాళ్ళు వణుకుతాయని తెలిశాక నా చేతిలో నాటకం పుస్తకం పెట్టి పక్కతెర చాటున నిలబెట్టారు. మాట మర్చిపోయిన వాళ్ళకి మాట అందించడం నా పని. ఇరవై ఏళ్ళు అందించాను. రాజు వేషాలు వేసే మా రాజుగారికైతే అన్నప్రాశన నుంచీ అందించాలి. ఆవిడకి మాత్రం ఒక్కసారి కూడా అవసరం పడలేదు. పుస్తకంలో ఉన్నదానికంటే మంచి మాట అప్పటికప్పుడు వేసేస్తే ఇక నేను అందించేదేముంది?

ఆవిడది నందిగామకి ఇవతల, హైవే దిగి లోపలికి నడవాల్సిన ఊరు. పగలు కూలికి వెళ్ళేది. నాటకం ఒప్పుకుంటే నేను బడి అయ్యాక పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ చదువు బైబిల్లో పెద్దక్షరాల వరకే. వసారాలో ఎండుమిరపకాయలు రాశి పోసుకుని తొడిమలు తీస్తూ కూర్చునేది. నేను చదువుతూ తుమ్మేవాణ్ణి, తుమ్ముతూ చదివేవాణ్ణి. "తుమ్ముల్ని కూడా బట్టీ పట్టమంటారా మాస్టారూ?" అనేది తలెత్తకుండా. రెండు రోజుల్లో తన మాటలే కాదు, రాజువీ మంత్రివీ కూడా వచ్చేసేవి. పద్యంలో ఎక్కడైనా యతి తప్పితే పట్టేసేది. యతి అనే పేరు తెలియదు. "ఇక్కడ కాలు గుంటలో పడ్డట్టుందండీ," అనేది. చూస్తే నిజంగానే గుంట ఉండేది. తెలుగు మాస్టర్ని, నాకు కనపడలేదు.

అయితే ఆవిడని చూడాల్సింది రాణి వేషంలో కాదు, తెర ముందు. మా నాటకాల్లో రాజసభ తీసి అడవి పెట్టడానికి పావుగంట పట్టేది. ఈలోగా జనం ఈలలు వేసేవాళ్ళు, బీడీలు ముట్టించేవాళ్ళు, సగం మంది ఇళ్ళకి పోయేవాళ్ళు. కంచికచర్లలో ఒకసారి జనం లేచిపోతుంటే ఆవిడ ఎవరికీ చెప్పకుండా తెర పక్కనుంచి బయటికి వచ్చేసింది. కిరీటం తీసి చంకలో పెట్టుకుంది. స్టేజీ అంచున కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, "అడవి తెస్తున్నారండీ, లారీ దిగాలి, కూర్చోండి," అంది. జనం నవ్వారు, కూర్చున్నారు. అప్పుడు పాట ఎత్తుకుంది. తన సొంత పాట, ఎవరూ రాసిచ్చింది కాదు.

పొద్దున తుడిచిన అరుగండీ
సందేళకల్లా తెలుపండీ
కోడలు సోమరి కాదండీ
గాలి మన పేటది అత్తగారూ!

సిమెంటు దుమ్ము ఎరిగిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అక్కడి నుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. ఏ ఊళ్ళో ఆడినా తెర పడగానే, "రాణిగారూ, బయటికి రండి!" అని కేకలు. ముందు వరస కుర్చీల్లో ఊరి పెద్దలు కూర్చుంటారు కదా, వాళ్ళ మీదే ఆవిడ కన్ను. మిల్లు యజమాని కండువా చూసి ఒక మాట, ప్రెసిడెంటుగారి కొత్త చెప్పులు చూసి ఒక పాట. పేరు పెట్టి అనేది కాదు. అందరికీ తెలిసేది. అనిపించుకున్నవాడే అందరికంటే గట్టిగా నవ్వాల్సి వచ్చేది. నేను తెర వెనకనుంచి ఒక కన్నుతో చూసేవాణ్ణి. ఒక మనిషి, ఒక గొంతు, ఒక చేతి ఊపు. అంతకంటే ఏమీ లేకుండా అంత జనాన్ని పట్టి కూర్చోబెట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

జి.కొండూరు దగ్గర ఒక ఊళ్ళో, తాగి వచ్చిన ఒకాయన లేచి, "పాటలు చాల్లే, రికార్డు పెడతాం, డాన్సు కట్టు!" అని అరిచాడు. మా రాజుగారు కత్తి పట్టుకుని తెర వెనకే ఆగిపోయాడు. ఆవిడ కదల్లేదు. "కడతా బాబూ. మీ అమ్మగార్ని కూడా పిలుచుకురా. ఆమె ముందు కూర్చుని చూస్తానంటే తెల్లారిందాకా కడతా," అంది. కోపంగా కాదు, మామూలుగా. ఆయన కూర్చున్నాడు. మరుసటేడు అదే ఊరికి వెళ్తే, ఆవిడ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా తెచ్చింది ఆయనే.

సినిమాల్లో కూడా చేసింది. రెండుసార్లు. ఒకదాన్లో శవం చుట్టూ ఏడ్చే ఆడవాళ్ళలో మూడో మనిషి. ఇంకోదాన్లో బస్సు దిగుతుంది. "ఏడుపు ఆరుసార్లు తీశారండీ, దిగడం ఒక్కసారికే ఓకే అయింది. నాకు దిగడమే బాగా వచ్చు," అనేది.

నాటకం మొదలయ్యే ముందు తెర వెనక కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చేవాళ్ళం. ఆవిడ క్రైస్తవురాలు. హారతి తీసుకునేది కాదు. పక్కకి వెళ్ళి, నిండా నగలతో, నెత్తిన కిరీటంతో, కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. ఆవిడ ఆమెన్ అనేదాకా హార్మోనియం ఆయన మెట్టు మీద వేలు పెట్టేవాడు కాదు. ఎవరూ పెట్టిన రూలు కాదది. ఒకసారి తొందరపడి ముందే మొదలుపెట్టిన రోజున శ్రుతి కుదరలేదని ఆయనే పెట్టుకున్నాడు.

ఆవిడకి ఒక అలవాటుంది. వేషం తీశాక అద్దం చూసేది కాదు. "రాణి పోయి కూలిమనిషి కనపడితే దిగులండీ," అనేది. తిరుగు బస్సులో కొబ్బరినూనె రాసిన పాత గుడ్డతో మొహం తుడుచుకుంటూ కూర్చునేది. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోరు. స్టేజీ మీద రాణికి రూపాయి బిళ్ళంత బొట్టు తప్పదు. అందుకని మొహమంతా తుడుచుకుని నా వైపు తిరిగి, "చూడండి మాస్టారూ, అంతా పోయిందా?" అని అడిగేది. నేను చూసి పోయిందనో, చెవి దగ్గర ఉందనో చెప్పేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఆ పని కూడా నాదే.

ఒక ఆదివారం. ముందు రాత్రి ఆట బాగా ఆలస్యమైంది. పొద్దున మొదటి బస్సు పట్టుకున్నాం. ఆవిడ కునికిపాట్లు పడుతూనే తుడుచుకుంది. "పోయిందా మాస్టారూ?" అంది. చూశాను. బుగ్గలు చూశాను, మెడ చూశాను, చెవుల వెనక కూడా చూశాను. "పోయిందండి, శుభ్రంగా ఉంది," అన్నాను. నందిగామ దాటాక దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా చర్చికి వెళ్ళింది. చర్చిలో పాట ఎత్తుకోవడం ఆవిడ పని. ఆలస్యమైతే ఆరాధన మొదలు కాదు.

ఎరుపు రంగు బొట్టు, రూపాయి బిళ్ళంతది, నుదుటి మధ్య అలాగే ఉంది.

అబద్ధం చెప్పలేదు నేను. నాకు నిజంగా కనపడలేదు. మా అమ్మకి ఉంది, మా ఆవిడకి ఉంది, ఎదురింటి వాళ్ళకి ఉంది. ఆడమనిషి మొహాన బొట్టు ఉండడం నా కళ్ళకి మొహంలో భాగమే. లేకపోతే కనపడేదేమో గానీ ఉంటే ఎలా కనపడుతుంది? బస్సులో మా వాళ్ళు నలుగురున్నారు. ఒక్కడికీ కనపడలేదు.

చర్చిలో మాత్రం అందరికీ కనపడింది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు సైగలు చేశారట. ఆవిడ కళ్ళు మూసుకుని పాడుతోంది, చూడలేదు. పాట మొత్తం పాడింది. అంత బాగా ఎప్పుడూ పాడలేదని, ఆ తర్వాత ఆవిడ మీద కోపంగా ఉన్నవాళ్ళు కూడా నాతో చెప్పారు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద పిలిచాడు. ఆయన చెడ్డమనిషి కాదు. నాలుగెకరాల రైతు, మాటంటే మాట. చిన్నప్పుడు సండేస్కూల్లో ఆవిడకి మొదటి పాట నేర్పింది ఆయనే. డోలక్ ఆయనే వాయించేవాడు. ఆవిడ ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. "వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకో. నాటకాలు మానేస్తానని చెప్పు. అప్పటిదాకా పాట వద్దు," అన్నాడాయన.

ఆవిడ అన్నది ఊరంతా చెప్పుకున్నారు. "తుడుచుకోడం మర్చిపోయినందుకు ఒప్పుకుంటా బాబాయ్. పెట్టుకున్నందుకు ఒప్పుకోను. అది నా పని."

నాకు మూడో రోజున తెలిసింది. తల తీసేసినట్టయింది. బడికి సెలవు పెట్టి ఆయన దగ్గరికి వెళ్ళాను. చర్చికి ఎదురుగా రోడ్డవతల ఇల్లు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. తప్పు ఆవిడది కాదు, చూసి చెప్పాల్సింది నేను, నాది తప్పు అని మొత్తం చెప్పుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మీరు పెద్దమనిషి కాబట్టి వచ్చారు మాస్టారూ. ఇది బొట్టు గొడవ కాదండి. బొట్టు తుడిస్తే పోద్ది. ఒక్క నోరు దేవుడికీ పాడి, ఈలలేసే వాళ్ళకీ పాడకూడదు. అదండి నే చెప్పేది."

మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాను. ఇంటికొచ్చాక పది జవాబులు తోచాయి. మాట అందించే నాకే ఆ రోజు మాట అందలేదు. ఆయన ఇంటినుంచి తిన్నగా ఆవిడ ఇంటికి వెళ్ళాను. మిరపకాయల ముందే ఉంది. నేను చెప్పుకోవడం మొదలుపెట్టగానే నవ్వింది.

"మీకు కనపడదు లెండి మాస్టారూ. మీ కళ్ళల్లో అదెప్పుడూ ఉంటదిగా," అంది. తర్వాత నవ్వు ఆపి, "ఇంకెవరితోనూ అనమాకండి మీ వల్లని. ఉద్యోగం చేసుకునేవాళ్ళు, మీకెందుకు ఈ గొడవ," అంది. పోగొట్టుకున్న మనిషి పోగొట్టినవాణ్ణి ఓదార్చడం నాకు ఎంత సిగ్గుగా ఉండిందో చెప్పలేను. ఇప్పటికీ ఉంది.

పాతికేళ్ళు. సమాజం నడిచినన్నాళ్ళూ ఆవిడ నాటకం మానలేదు, ఆదివారం చర్చి ఎప్పుడూ మానలేదు. గుమ్మం దగ్గర చాప కొసన కూర్చునేదట. అందరూ పాడుతుంటే పెదవి కదిపేది కాదట. "అందరితో కలిసి మెల్లగా పాడొచ్చు కదండీ, ఎవరు వద్దంటారు?" అన్నాను ఒకసారి. "మెల్లగా పాడడం నాకు రాదండీ," అంది.

పంతం అనుకున్నాను. కాదు. ఒకసారి కంచికచర్ల బస్టాండులో ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. ముందు రోజు ఆటలో ఒకే పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ పడింది. నేను ఆ సంగతే పొంగిపోయి మాట్లాడుతున్నాను. ఆవిడ వినడం లేదు. అవతల ఏదో చర్చి మైకులో పాట వస్తోంది, అది వింటోంది. కళ్ళలో నీళ్ళు. "ఇక్కడ చప్పట్లు కొడతారండీ. అక్కడ ఎవరూ కొట్టరు. అయినా నాకు అక్కడ పాడాలని ఉంటది మాస్టారూ. చచ్చేలోపల ఒక్కసారి," అంది. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

తర్వాత్తర్వాత నాటకాలు తగ్గాయి. మా రాజుగారికి మోకాళ్ళ నొప్పులు, కండక్టరుకి షుగరు. సమాజం అటకెక్కింది. నేను రిటైరయ్యాను. నందిగామలో కొందరు పాత కళాకారులకి శాలువాలు కప్పుతున్నారంటే ఆవిడ పేరు చెప్పి, ఆవిడని ఒప్పించడానికి ఇంటికి వెళ్ళాను. "శాలువా ఎండాకాలం కప్పుతారేంటండీ, బుద్ధి లేకపోతే సరి," అంటోంది. అప్పుడు సంఘపెద్దగారి భార్య వచ్చింది. ముసలామె అయిపోయింది. గుమ్మంలోనే నిలబడింది.

"బాబాయ్‌కి పక్షవాతం వచ్చి ఆర్నెల్లయింది, తెలుసుగా. నిన్ను రమ్మంటున్నాడే. మాట సరిగ్గా రావట్లేదు గానీ నీ పేరే అంటున్నాడు. పాట వింటాడంట."

నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడా అమ్మా? పదిమందిలో వద్దన్నారు కదా, పదిమందిలోనే పిలవమనండి. ఇంటికి పిలిపించుకుని మంచం పక్కన పాడించుకోడం ఏం న్యాయం?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అక్కడ అనాల్సినది ఇక్కడ అన్నాను, అదీ పాతికేళ్ళు ఆలస్యంగా. ముసలామె తల దించుకుంది.

ఆవిడ అప్పటికే లేచి కాళ్ళు కడుక్కుంటోంది. "పద పిన్నీ," అంది. నన్ను చూసి, "మీరూ రండి మాస్టారూ, కోపం దార్లో తగ్గుద్ది," అంది.

ఆయన మూసిన కిటికీ పక్కన నులకమంచం మీద ఉన్నాడు. మూతి ఒక పక్కకి పోయింది. కుడి చెయ్యి పడిపోయింది. ఆవిడని చూసి ఏదో అనబోయాడు, మాట ముద్దగా వచ్చింది. ఆవిడ నేల మీద కూర్చుని కొంగు తలమీదికి లాక్కుంది. ఏం పాట అని అడగలేదు. సండేస్కూల్లో ఆయన నేర్పిన మొదటి పాట ఎత్తుకుంది. మెల్లగా కాదు. ఊళ్ళో సభకి పాడినట్టు పూర్తి గొంతుతో. అరవై దాటిన గొంతు, పైన కాస్త జీర వచ్చింది, అయినా వంక పెట్టడానికి లేదు. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. ఆయన ఎడమ చేత్తో మంచం పట్టె మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చరణం మధ్యలో తాళం ఆపి, ఆవిడ వైపు చెయ్యి చాచి మళ్ళీ ఏదో అనబోయాడు. క్షమించమనే అయి ఉంటుంది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ పట్టె మీద పెట్టింది.

"మాట్లాడమాకు బాబాయ్, తాళం తప్పుద్ది," అని, విడిచిన చోటునుంచే అందుకుంది.

బయటికి వచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. "అంత చేసిన మనిషికి ఎలా పాడాలనిపించిందండీ మీకు?"

ఆవిడ నడుస్తూనే చెప్పింది. "నాకేం తక్కువైందండీ? ఊరూరా పాడుకున్నా, వన్స్‌మోర్లు కొట్టించుకున్నా. ఆయనకి ఈ చర్చి ఒక్కటే. నేర్పినాయన, నా ఎదురుగానే కూర్చుని, పాతికేళ్ళు నా పాట వినకుండా ప్రార్థన చేసుకున్నాడు. పంతం ఆయనది, నోరు నాది. నాకు వేరే చోటన్నా ఉంది మాస్టారూ. ఆయనకేముంది, పాపం."

ఆ ఆదివారం నేను పనిగట్టుకుని వెళ్ళాను. లోపలికి వెళ్ళడానికి మొహమాటమేసి గుమ్మం బయట, చెప్పుల పక్కన నిలబడ్డాను. ఆవిడ చాప కొసన కూర్చోలేదు. తిన్నగా ముందుకి నడిచి డోలక్ పక్కన నిలబడింది. ఎవరూ పిలవలేదు. కుర్ర పాస్టరుగారు పాటల పుస్తకం తెరవబోయి, ఆవిడని చూసి ఆగిపోయాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. ఎవరూ వద్దనలేదు. మొదటి చరణం అయ్యేలోపు, సంఘపెద్దగారి భార్య ముందు వరసలోంచి లేచింది. ఆగమేఘాల మీద ఆడవాళ్ళని దాటుకుని, గుమ్మం దాటి, నన్ను తోసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి తన ఇంట్లోకి వెళ్ళింది. చర్చి వైపున్న కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి.